ఇల్లు విడువని సాలీడు

తెలుగున సాలె యనగా నేతగాడు. రాట్నము లేకయే దారము వడకి, మగ్గము లేకయే నేత నేయు ప్రాణి కనుక సాలీడను పేరు దానికి చక్కగా తగియున్నది. ఇంటి చూరు క్రింద వల పన్ని, అందు చిక్కిన ఈగను పట్టు సాలీడును చూడని బాలుడుండడు. కాని సాలీళ్లన్నియు వల నేయవు. కొన్ని జాతులు వలకు మారుగా తలుపు నేయును. అవి నేలలో గొయ్యి త్రవ్వి, దాని గోడలకు పట్టు పరచి, పైన మూత యమర్చి, ఆ మూత చాటుననే జీవితము గడపును. వీనికి తలుపు సాలీళ్లని పేరు.

పశ్చిమ ఆస్ట్రేలియాలో, పెర్తు నగరమునకు తూర్పుగా, కనుచూపు మేర గోధుమ పొలములు వ్యాపించియున్నవి. ఆ పొలముల నడుమ అక్కడక్కడ మిగిలిన చిట్టడవులలో ఈ తెగకు చెందిన అరుదైన జాతి యొకటి కలదు. బార్బరా యార్క్ మెయిన్ అను శాస్త్రజ్ఞురాలు 1952లో దీనిని వర్ణించి, ఇడియోసోమా నైగ్రమ్ అని పేరిడెను. నైగ్రమ్ అనగా లాటిను భాషలో నల్లనిది. దాని శరీరపు వెనుక భాగము డాలువలె గట్టిగా నుండుటచే సామాన్యజనులు దీనిని డాలు సాలీడని పిలుతురు. ఆస్ట్రేలియా చట్టము దీనిని ఆపదలోనున్న ప్రాణుల పట్టికలో చేర్చినది.

అంగుళమంత సాలీడు కొరకు అన్నము పండించు నేలలో చోటు విడువవలెనా? ఈ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. ఆకలి గొన్న లోకమున గోధుమ గింజకు విలువ కలదు. అయినను, ఆ సాలీడు చరిత్రను, అది నివసించు నేల చరిత్రను కలిపి చదివినవారికి, చోటు విడుచుటయే న్యాయమనియు, వివేకమనియు తోచకమానదు.

మొదట దాని యింటిని చూడవలెను. ఆ గొయ్యి సుమారు అడుగు లోతుండును. సాలీడు తన కోరల మొదట నున్న గట్టి ముండ్లతో మట్టిని గీరి, తవ్వి, వెలుపలికి చేర్చును. పట్టును మట్టితో కలిపి మూత చేసి, ఒక ప్రక్క పట్టుతోనే బందు వేయును. మూత పడినప్పుడు దానిపైనున్న ఆకు, మట్టి చుట్టునున్న నేలతో కలిసిపోవును. ప్రక్కన నిలిచి చూచినవాడు కూడ అచ్చట ఇల్లున్నదని గుర్తింపలేడు. వేసవిలో నేల పైభాగము కాలిపోవుచున్నను గోతి యడుగున చల్లదనము, కొంత తేమ నిలిచియుండును. ఎండకు, శత్రువులకు, ఆకలికి ఒకే యుపాయము ఆ గొయ్యి.

ద్వారము ముందర మరియొక చమత్కారము కలదు. సాలీడు ఎండుపుల్లలను, సన్నని ఆకులను తెచ్చి, వాని మొదళ్లను ద్వారపు అంచునకు అతికి, విసనకర్ర పుల్లలవలె బయటికి విప్పియుంచును. రాత్రివేళ మూతను కొంచెము ఎత్తి, ముంగాళ్లను ఆ అంచున మోపి నిరీక్షించును. దారిన పోవు చీమ ఒక పుల్లను త్రొక్కినచో ఆ కదలిక సాలీడు కాలికి తెలియును. మరుక్షణమున తలుపు తెరచుకొనును, చీమ లోనికి పోవును, తలుపు మూసికొనును. వలయే లేదు, కాని వల చేయు పని జరిగినది. ఈ యేర్పాటునకు కావలసిన సామగ్రి యేమి? చెట్ల క్రింద రాలిన ఆకులు, పుల్లలు. ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో పని కలదు.

తలుపున్న యింటికిని దొంగలు రాకపోరు. కందిరీగలు, జెర్రులు, తేళ్లు ఆ గోతిలోనికి చొరబడుటకు ప్రయత్నించును. అప్పుడు డాలు సాలీడు తలక్రిందుగా గోతి యిరుకైన భాగమునకు దిగి, గట్టిపడిన తన వెనుక భాగమును పైకి పెట్టి, సీసాకు బిరడా బిగించినట్లు దారి మూసివేయును. శత్రువునకు ఎదురగునది మెత్తని శరీరము కాదు, గీతలు తీరిన కఠినమైన డాలు. తలుపు ఓడినచోట డాలు కాపాడును.

ఇంత నేర్పు గల ప్రాణి అరుదగుటకు కారణమేమి? దాని జీవనవిధానమే అందుకు మొదటి సమాధానము. ఆడ సాలీడు చిన్ననాట త్రవ్వుకొన్న గోతిని విడువదు. తాను పెరిగినకొలది దానినే వెడల్పు చేసికొనును. పిల్లను కనుటకే దానికి కొన్ని సంవత్సరములు పట్టును. మగ సాలీడు మాత్రము యుక్తవయస్సు రాగానే ఇల్లు విడిచి, ఆడదానిని వెదకుచు బయలుదేరి, కొలది కాలములోనే మరణించును. తల్లి గోతిలో వేసవి గడపిన పిల్లలు వానలు పడి నేల మెత్తబడినప్పుడు బయటికి వచ్చి, కాలినడకనే కొంత దూరము పోయి, తల్లి యింటి చేరువలోనే తమ చిన్న గోతులు త్రవ్వుకొనును. వానిలో అనేకము ఎండకు, ఆకలికి, శత్రువులకు బలియగును. మిగిలిన కొలది పిల్లలే ఆ వాడను నిలుపును.

అట్టి ప్రాణి ఎంతకాలము జీవించునో తెలిసికొనుటకు శాస్త్రమునకు అసాధారణమైన ఓర్పు కావలసివచ్చెను. ఆ ఓర్పు బార్బరా మెయిన్‌కు కలదు. ఆమె 1929లో ఆ గోధుమ ప్రాంతముననే జన్మించి, పొలముల నడుమ పెరిగి, పశ్చిమ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయమున చదివి, తలుపు సాలీళ్ల పరిశోధనకే జీవితము నంకితము చేసెను. 1974లో ఆమె నార్త్ బంగుల్లా అను చిన్న రక్షిత వనమున, డాలు సాలీడు కుటుంబమునకే చెందిన గేయస్ విల్లోసస్ అను తలుపు సాలీళ్ల గోతుల ప్రక్కన గుర్తులు నాటి, ఒక్కొక్క దానికి నంబరు నిచ్చెను. అందు 16వ నంబరు గోతిలో నున్నది అప్పటికి పిల్ల. ఆనాటినుండి ఏటేట ఆమె ఆ వనమునకు పోయి, గోతుల నొక్కొక్కటిగా పరిశీలించుచు, ఏది బ్రతికియున్నదో, ఏది పోయినదో వ్రాసికొనుచుండెను.

సంవత్సరములు గడచెను. దశాబ్దములు గడచెను. తోడి సాలీళ్లు పోయినను 16వ నంబరు గోతికి మూత నిలిచియుండెను. ఆమె వృద్ధురాలైన పిదప ఆమె శిష్యురాలైన లియాండా మేసన్ ఆ పని నందుకొనెను. 2016 అక్టోబరులో మేసన్ వెళ్లి చూడగా ఆ మూతకు రంధ్రము పడియుండెను, గొయ్యి పాడుపడియుండెను, సాలీడు లేదు. పరాన్నజీవియగు కందిరీగ మూతను ఛేదించి లోనికి చొచ్చినదని పరిశోధకులు నిర్ణయించిరి. దాని వయస్సు 43 సంవత్సరములని లెక్కకట్టి, 2018లో ఆ విషయమును లోకమునకు ప్రకటించిరి. అంతకు పూర్వము మిక్కిలి దీర్ఘకాలము జీవించిన సాలీడుగా పేరొందినది మెక్సికో దేశపు టరాంటులా; దాని యాయువు 28 సంవత్సరములు. 43 సంవత్సరములు ఒకే గోతిలో, ఒకే తలుపు వెనుక! బార్బరా మెయిన్ 2019లో మరణించెను. ఆమె చేసిన పనికి గొప్ప యంత్రములు అవసరము కాలేదు. ప్రతి యేడు తిరిగి వచ్చుటయు, చూచినది చూచినట్లు వ్రాయుటయు చాలెను.

ఇక నేల చరిత్రకు రావలెను. ఆ ప్రాంతమంతయు ఒకప్పుడు యూకలిప్టస్, తుమ్మ జాతుల చెట్లతోను, పొదలతోను నిండిన వనము. పందొమ్మిదవ శతాబ్దపు చివరినుండి గోధుమ సాగు కొరకు దానిని కొట్టివేయసాగిరి. 1950, 1960 దశాబ్దులలో ఏటికి పది లక్షల ఎకరముల చొప్పున క్రొత్త నేలను సాగునకు ఇచ్చుట అచ్చటి ప్రభుత్వమునకు గర్వకారణమైన కార్యక్రమముగా నుండెను. గోధుమ ప్రాంతమున అనేకచోట్ల నూటికి తొంబది పాళ్లకు మించి సహజవనము నశించెను. మిగిలినవి సముద్రములో ద్వీపములవలె పొలముల నడుమ చెదరియున్న చిన్న తోపులు.

అడవిని నరికినవారు దుర్మార్గులు కారు. వారు కష్టించి పనిచేసిన రైతులు. తమ బిడ్డలకును, దూరదేశముల ప్రజలకును తిండి పండించినవారు. వారిని నిందించుట సులభము. వారు తిన్నది, లోకమునకు పెట్టినది మరచుట అన్యాయము. కాని మంచి యుద్దేశముతో చేసిన పని యంతయు మంచి ఫలమునే యిచ్చునని నియమము లేదు. ఆ వనపు చెట్ల వేళ్లు లోతుగా దిగి, సంవత్సరము పొడవున వాన నీటిని పీల్చుచుండెను. గోధుమ వేళ్లు అంత లోతు పోవు. పైరు కొలది నెలలే నేలపై నుండును. చెట్లు పోగా పీల్చువారు లేని నీరు నేల లోపల చేరి, నానాటికి మట్టము పెరిగి, యుగయుగములుగా అడుగున నిలిచియున్న ఉప్పును కరగించుకొని పైకి తెచ్చెను. నైరుతి భాగమున పది లక్షల హెక్టారులకు మించిన భూమి ఈ ఉప్పుచే చెడిపోయినది. గోధుమ కొరకు చెట్టును కొట్టినచోట ఇప్పుడు గోధుమయు మొలవదు.

ఈ రెండు చరిత్రలు ఒకచోట కలియుచున్నవి. సాలీడునకు కావలసినది చెట్టు రాల్చిన ఆకు, పుల్ల. రైతునకు కావలసినది చెట్టు దింపిన వేరు. ఒకే చెట్టు పైభాగము సాలీడు నిల్లు నిలుపుచున్నది. దాని క్రింది భాగము రైతు పొలము నిలుపుచున్నది. కాబట్టి సాలీడునకు చోటు విడుచుట రైతు నోటినుండి ముద్ద తీయుట కాదు. సాలీడు బ్రతుకలేని నేల, కొంతకాలమునకు రైతును కూడ బ్రతుకనీయని నేల కావచ్చునని ఆ ప్రాంతపు అనుభవము తెలుపుచున్నది.

ఇచ్చట కొందరు వేరొక మాట చెప్పుదురు. "ఆ తోపులలో సాలీళ్లు ఇంకను కనబడుచునే యున్నవి కదా! అట్లయిన భయమేల?" అని వారి ప్రశ్న. ఈ ప్రశ్నలోనే పెద్ద పొరపాటున్నది. ఒక పల్లెలో పిల్లలందరును వెడలిపోయి ముసలివారు మాత్రమే మిగిలిరనుకొందురు గాక. సాయంకాలమున ప్రతి యింట దీపము వెలుగును. బాటసారి చూచి, ఊరు నిండుగానే యున్నదని తలచును. కాని ఆ పల్లెలో ఊయెల యూగుట లేదు. బడి గంట మ్రోగుట లేదు. దీపము లొక్కొక్కటిగా ఆరిపోవునప్పుడు గాని ఊరు ఎప్పుడో పోయినదని లోకమునకు తెలియదు. ఇరువది, ముప్పది సంవత్సరములు జీవించు సాలీడు విషయమును ఇట్టిదే. తల్లులు తమ పాత గోతులలో నుండును; వాని ప్రక్క క్రొత్త పిల్లల గోతులు లేకపోయినచో ఆ వాడ అప్పటికే అంతరించుచున్నదన్నమాట. దీర్ఘాయువు దాని బలము. అదే చూచువారిని మోసగించు తెరయు. కావున మూతలను లెక్కించుట చాలదు. చిన్న మూతలు ఎన్ని యున్నవో చూడవలెను.

మరికొందరు, "అంత చిన్న తోపులు ఎన్నటికిని నిలువవు; వానిపై శ్రమ వ్యర్థము" అందురు. ఈ వాదమున కొంత సత్యము కలదు. తోపునకు తోపునకు నడుమ మైళ్ల కొలది పొలమున్నప్పుడు మగ సాలీడు ఒకదానినుండి మరియొకదానికి పోజాలదు. గొర్రెల మంద ఒక్కసారి నడచినచో ఆకుల పరుపు నుగ్గగును. ఒక్క మంట సంవత్సరముల కూడికను బూడిద చేయును. అయినను బార్బరా మెయిన్ తన దీర్ఘపరిశీలనవలన చెప్పినది వేరు: పెద్ద జంతువుల కక్కరకురాని చిన్న తోపులోను తలుపు సాలీళ్లు తరతరములు నిలువగలవు. పులికి అడవి కావలెను. సాలీడునకు చెట్ల గుంపు చాలును. చిన్నదని విడిచివేసిన తోపే దానికి దేశము. గొర్రెలు చొరకుండ కంచె వేయుట, మంట రాకుండ కాచుట, తోపునకు తోపునకు నడుమ చెట్ల వరుసలు పెంచుట, ఇవి యేవియు అసాధ్యకార్యములు కావు. ఆ చెట్ల వరుసలు పొలమున ఉప్పు పైకి రాకుండుటకును తోడ్పడును.

2018లో శాస్త్రజ్ఞులు ఈ డాలు సాలీళ్లను మరల పరిశీలించి, వెనుక ఒకే జాతి యనుకొన్నవానిలో అనేక జాతులున్నట్లు కనుగొనిరి. నైగ్రమ్ జాతి అనుకొన్నదానికంటె చిన్న ప్రదేశమునకే పరిమితమని అప్పుడు తేలినది. పేరు పెట్టుటకు ముందే కొన్ని జాతులు కొన్ని తోపులతోపాటు పోయియుండవచ్చును కదా! చదువని గ్రంథమును చించివేసినవాడు దానిలో ఏమున్నదో ఎన్నటికిని చెప్పజాలడు.

చివరకు మిగులునది అందరును అడుగు ప్రశ్న: "దానివలన ఉపయోగమేమి?" దీనికి సత్యమైన సమాధానమే చెప్పవలెను. డాలు సాలీడు చీమలను, చిన్న పురుగులను తినును. దానివలన గోధుమ దిగుబడి పెరిగినదని చెప్పుటకు ఆధారము లేదు. లేని యుపయోగమును కల్పించి చెప్పినచో, ఆ కల్పన కూలిననాడు సాలీడు కూడ కూలును. ఉపయోగము లేని ప్రాణికి బ్రతుకు హక్కు లేదను మాటనే మొదట ప్రశ్నింపవలెను. మానవుడు తన యింటిలోని వృద్ధులను, శిశువులను ఉపయోగము లెక్కించి పోషించుట లేదు. ఒకసారి పోయినచో తిరిగి చేయరానిది ఏదైనను దానిని పోగొట్టుటకు ముందు మిక్కిలి గట్టి కారణము చూపవలెను. ఆ భారము చంపువానిది, బ్రతుకుదానిది కాదు.

ఈ విషయము దూరదేశపు ముచ్చట మాత్రమే యని తెలుగు బాలురు తలపరాదు. తలుపు సాలీళ్లకు దూరపు చుట్టమొకటి తెలుగునేలపై కలదు. 1899లో పోకాక్ అను శాస్త్రజ్ఞుడు గుత్తి పట్టణమున దొరికిన ఒక నీలివర్ణపు పెద్ద సాలీడును వర్ణించెను. తరువాత నల్లమలలో, నంద్యాల గిద్దలూరుల నడిమి అడవిలో, చెట్ల తొర్రలలో అది నివసించుచున్నట్లు తెలిసినది. భారతదేశమున గాక లోకమున మరియెచ్చటను అది సహజముగా లేదు. గుత్తి పేరు దానితో దేశదేశములకు ప్రాకినది; కాని ఆ అందమే దానికి శత్రువై, పెంపుడు జంతువుల వర్తకుల దృష్టి దానిపై పడినది. చెట్లు తరుగుచుండగా దాని తొర్రలును తరుగుచున్నవి. 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము దానిని అత్యంత ప్రమాదస్థితిలోనున్న ప్రాణిగా పేర్కొనెను. ఒకటి నేలలో గొయ్యి, ఒకటి చెట్టులో తొర్ర. రెండింటి మొరయు ఒక్కటే.

ఆ మొర దయ కొరకు కాదు, చోటు కొరకు. డాలు సాలీడు ఎవరిని తిండి యడుగదు, మందు లడుగదు, తన యిల్లు తానే కట్టుకొనును, తన తలుపు తానే మూసికొనును. తన చుట్టునున్న నాలుగు చెట్లను, వాని క్రింది ఆకులను కదలింపకుండ విడువుమనుటయే దాని కోరిక. ఆ విడుచుట ఒక యేటికి గాదు, ఒక ప్రభుత్వపు కాలమునకు గాదు. సాలీడు ఆయువుకంటె దీర్ఘమైన కాలమునకు. నెమ్మదిగా బ్రతుకు ప్రాణిని కాపాడుటకు నెమ్మదిగల కావలివారు కావలెను. నలువది యేండ్లు ఒక గోతి మూతను చూచుటకు తిరిగి తిరిగి వచ్చిన ఆ విదుషి యట్టి కావలికి మార్గము చూపినది. ఆ మార్గమున నడచుటకు మిగిలిన తోపులలో తలుపు లింకను కొన్ని మిగిలియున్నవి.